ఇచ్చిన వేషం, ఎంచుకున్న వేషం

విజార్డ్రీ అని ఒక పాత కంప్యూటర్ గేమ్. అందులో 'బ్లేడ్ క్విజినార్ట్' అనే కత్తి ఒకటి దొరుకుతుంది. 1981లో ఆ గేమ్ రాసిన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్‌లకి అదొక కొంటె జోకు. క్విజినార్ట్ అంటే అమెరికా వంటిళ్ళలో కనిపించే మిక్సీ బ్రాండు. మన లెక్కలో 'సుమీత్ ఖడ్గం' అన్నమాట. కొన్నేళ్ళకి ఆ గేమ్ జపనీస్‌లోకి వెళ్ళింది. అక్కడ ఆ మిక్సీ సంగతి ఎవరికీ తెలీదు. దాంతో క్విజినార్ట్ అనే పేరుమోసిన కమ్మరి చేసిన మహాఖడ్గం కాబోలు అనుకున్నారు. జోకు కాస్తా ఐతిహ్యం అయిపోయింది.

జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లకీ పాశ్చాత్య రోల్ ప్లేయింగ్ గేమ్‌లకీ తేడా ఏమిటన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ కత్తి గుర్తొస్తుంది. ఆ చర్చల్లో ఎక్కువగా వినిపించేది జాతుల స్వభావం గురించిన మాట. అమెరికన్లు స్వేచ్ఛ కోరుకునే మనుషులు కాబట్టి వాళ్ళ గేమ్‌లలో ఎక్కడికైనా పోవచ్చు, ఏమైనా చెయ్యొచ్చు. జపనీయులు కట్టుబాట్ల మనుషులు కాబట్టి వాళ్ళ గేమ్ పట్టాల మీద రైలులా పోతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ గేమ్‌లు పుట్టిన పదేళ్ళ చరిత్ర చదివితే జాతి స్వభావం కన్నా కీబోర్డులు, బ్యాటరీలు, అనువాదాలే ఎక్కువ కనిపిస్తాయి.

ఈ ఆటలు ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రోల్ ప్లేయింగ్ అంటే వేషం కట్టడమే. స్కైరిమ్ (2011) లాంటి పాశ్చాత్య గేమ్‌లో ఆ వేషాన్ని మీరే ఎంచుకోవాలి. జాతి, పేరు, ముఖం, ఆఖరికి ముక్కు పొడవు కూడా. మొదట్లోనే ఒక డ్రాగన్ వచ్చి ఊరు తగలబెడుతుంది. తర్వాత దాని సంగతి చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. అడవిలో పూలు కోసుకుని, కషాయాలు కాచి, వాటిని అమ్ముకుంటూ నెలలు గడిపిన మిత్రులు నాకున్నారు. డ్రాగన్లు ఆకాశంలో అలా ఎదురుచూస్తూనే ఉంటాయి పాపం. ఫైనల్ ఫాంటసీ 7 (1997) లాంటి జపనీస్ గేమ్‌లో వేషం మీకు ఇస్తారు. పేరు క్లౌడ్. నిక్కబొడుచుకున్న జుట్టు, మనిషంత కత్తి, పైకి చెప్పుకోని గతం. సగం దారిలో ఎయిరిస్ అనే అమ్మాయి చనిపోతుంది. మీరెంత బాగా ఆడినా సరే, చనిపోతుంది. (పాతికేళ్ళు దాటిన కథ. ముందే చెప్పేశానని తిట్టుకోకండి.)

రెండిటికీ మూలం మాత్రం ఒకటే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు స్నేహితులు, రకరకాల ముఖాలున్న పాచికలు, కాగితాలు, పెన్సిళ్ళు ఉంటే చాలు. తలా ఒక వేషం కడతారు. ఒకరు మాత్రం ఏ వేషమూ కట్టకుండా కథ నడుపుతారు. ఆ మనిషిని డంజన్ మాస్టర్ అంటారు.

మా ఉత్తరాంధ్రలో దీన్ని వివరించాలంటే హరికథ సాయం తీసుకోవచ్చు. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గారి పుణ్యమా అని ఇక్కడ ఆ కళకి పెద్ద పేరు. హరిదాసు ఒక్కడే రాముడు, రావణుడు, శూర్పణఖ. జనం ఆవులిస్తున్నారనిపిస్తే ఒక పిట్టకథ అందుకుంటాడు, ఊపు మీదుంటే యుద్ధం సాగదీస్తాడు. అంతవరకూ డంజన్ మాస్టర్ పనీ ఇదే. ఇప్పుడు సభలోంచి ఒకామె లేచి "దాసుగారూ, సీత వేషం నాది కదా, నేను ఆ గీత దాటను" అందనుకోండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆమెకి ఆ హక్కుంది. దాసుగారు చిడతలు పక్కన పెట్టి, సరే, రావణుడు ఇప్పుడేం చేస్తాడో అప్పటికప్పుడు ఆలోచించాలి. ఆటలో ఉన్న మజా అంతా ఆ క్షణంలోనే ఉంది.

ఆట పుట్టిన ఏడాదికే, 1975లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద విద్యార్థులు దీని నకళ్ళు రాసేశారు. చదువు కోసం పెట్టిన యంత్రాన్ని ఇంజనీరింగ్ పిల్లలు ఎందుకు వాడతారో మీకు చెప్పక్కర్లేదు. అక్కడే చిక్కు కూడా బయటపడింది. కంప్యూటర్‌కి పాచికలు వెయ్యడం వచ్చు, ఎవరికెన్ని దెబ్బలు తగిలాయో లెక్క కట్టడం వచ్చు. సీత గీత దాటనంటే రావణుడికి కొత్త ఎత్తు కల్పించడం మాత్రం రాదు. అంటే డంజన్ మాస్టర్ లేకుండానే డంజన్ తయారైంది.

నా లెక్కలో జపనీస్, పాశ్చాత్య శైలులు రెండూ ఈ ఖాళీ కుర్చీని దాచడానికి కనిపెట్టిన ఉపాయాలు. ఒకరు ప్రపంచాన్ని నియమాలతో నింపి, కథ చెప్పేవాడు లేడన్న సంగతి తెలియకుండా చేస్తారు. ఇంకొకరు కథ చెప్పేవాణ్ణి తిరిగి కూర్చోబెట్టి, సభలోంచి లేచే హక్కుని తీసేస్తారు. ఎవరు ఏ దారి ఎందుకు పట్టారన్నదే ఆసక్తికరమైన కథ.

1981లో అమెరికాలో వచ్చిన రెండు గేమ్‌లు దీనికి పునాది. ఒకటి విజార్డ్రీ. కార్నెల్ విశ్వవిద్యాలయం కుర్రాళ్ళ పని. ఆరుగురు మనుషుల జట్టుని మీరే తయారుచేసుకుని, పది అంతస్తుల చీకటి నేలమాళిగలోకి దిగాలి. గోడలు, తలుపులు, రాక్షసులు. అంతే. రెండోది టెక్సాస్ కుర్రాడు రిచర్డ్ గారియట్ రాసిన అల్టిమా. ఇందులో పైనుంచి చూసే పటం, ఊళ్ళు, కోటలు, సముద్రం. ఒకదాంట్లో పోరాటం బావుంటుంది, ఇంకోదాంట్లో తిరుగుడు బావుంటుంది.

జపాన్‌లో ఈ రకం ఆటని పరిచయం చేసినవాళ్ళలో ముఖ్యుడు జపనీయుడు కాదు. నెదర్లాండ్స్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, హవాయిలో చదువుకునే రోజుల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పిచ్చి పట్టించుకున్న హెంక్ రోజర్స్. ఆయన 1984లో జపనీస్ కంప్యూటర్ల కోసం ది బ్లాక్ ఆనిక్స్ తెచ్చాడు. టెట్రిస్‌ని నింటెండో గేమ్ బాయ్‌లోకి చేర్చడంలో పెద్ద చెయ్యి ఉన్న రోజర్స్ కూడా ఈయనే. అటు విజార్డ్రీ రాసిన వుడ్‌హెడ్ తర్వాత జపనీస్ యానిమేషన్‌ని అమెరికాకి తెచ్చే కంపెనీ పెట్టాడు. ఎవరి సంస్కృతి ఎవరిదని విడగొట్టడం మొదటి రోజు నుంచే కష్టం.

అసలు మలుపు యూజీ హోరీ. షోనెన్ జంప్ అనే పిల్లల కామిక్స్ వారపత్రికకి రాసేవాడు. గేమ్ రాసి ఎనిక్స్ కంపెనీ పోటీలో నెగ్గి, 1983లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన యాపిల్ ప్రదర్శనకి వెళ్ళాడు. అదే పోటీలో నెగ్గిన కోయిచి నాకామురా కూడా ఉన్నాడు. అక్కడ విజార్డ్రీ చూశారు. ఇద్దరికీ మతిపోయింది. దాన్ని జపాన్ పిల్లల చేతికి ఇవ్వాలంటే ఎలా? పిల్లల ఇళ్ళలో కంప్యూటర్ లేదు. నింటెండో వారి ఫామికామ్ ఉంది. దానికి కీబోర్డు లేదు. నాలుగు దిక్కుల మీట, రెండు గుండ్రటి బటన్లు, ఇంకో రెండు చిన్నవి. అల్టిమాలో ఒక్కో పనికీ కీబోర్డులో ఒక్కో అక్షరం నొక్కాలి. ఫామికామ్‌లో అది కుదరదు. హోరీ తన డిటెక్టివ్ గేమ్ పోర్టోపియాని 1985లో ఫామికామ్‌కి మార్చినప్పుడే పనుల పట్టీని తెరమీద చూపించి ఎంచుకోమనే పద్ధతి పెట్టాడు. 1986 మే 27న విడుదలైన డ్రాగన్ క్వెస్ట్‌లో అదే వాడాడు. పటం అల్టిమాది, ఎదురెదురుగా నిలబడి చేసే పోరాటం విజార్డ్రీది, పట్టీ పోర్టోపియాది. బొమ్మలు అకిరా తోరియామావి. ఆయన డ్రాగన్ బాల్ అప్పటికే షోనెన్ జంప్‌లో వస్తోంది. రాక్షసులు కూడా ముద్దొచ్చేలా ఉంటారు.

ఆ గేమ్ మొత్తం 64 కిలోబైట్లు. వాట్సాప్‌లో మనం పంపుకునే ఒక ఫోటో కన్నా చిన్నది. పటాలు, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ అందులోనే. చోటు చాలక కటకానా లిపిలో ఓ 20 అక్షరాలు మాత్రమే ఉంచుకుని, ఊళ్ళ పేర్లూ రాక్షసుల పేర్లూ ఆ అక్షరాలతోనే కుదిరేలా పెట్టారు. ఆట ఆపి మళ్ళీ మొదలుపెట్టాలంటే సేవ్ లేదు. రాజుగారు 20 అక్షరాల మంత్రం చెప్తాడు, కాగితం మీద రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే వారం రోజుల కష్టం గంగలో కలిసినట్టే.

నాకు బాగా నచ్చేది దాని ఆరంభం. కథానాయకుడు రాజుగారి గదిలో ఉంటాడు, తలుపు తాళం వేసి ఉంటుంది. బయటపడాలంటే మనుషులతో మాట్లాడాలి, పెట్టె తెరవాలి, తాళంచెవి తియ్యాలి, తలుపు దగ్గర వాడాలి, మెట్లు దిగాలి. ఆ గది దాటేసరికి ఆట ఎలా ఆడాలో పిల్లాడికి వచ్చేస్తుంది. విజార్డ్రీతో పాటు లావుపాటి మాన్యువల్ వచ్చేది. హోరీ ఆ మాన్యువల్‌ని గదిగా మార్చాడు. పిల్లలు తెలివైనవాళ్ళు కాకపోయినా ఫరవాలేదు, ఓపికగా స్లైమ్‌లని కొట్టుకుంటూ పోతే బలం పెరిగి ఎప్పటికో అప్పటికి గెలుస్తారు. కట్టుబాట్ల సమాజం అని మనం పేరు పెట్టిన ఆ పట్టాలు, నిజానికి ఈ రకం ఆట ఎప్పుడూ చూడని పిల్లలకి వేసిన నిచ్చెన.

పైగా ఆ రోజుల్లో పట్టాలు కూడా అంత గట్టివి కావు. 1987 డిసెంబరులో వచ్చిన మొదటి ఫైనల్ ఫాంటసీలో నలుగురు వీరులకి పేరు లేదు, గతం లేదు. వాళ్ళు కత్తివీరులో మాంత్రికులో మీరే నిర్ణయించాలి. రాక్షసులు చాలామంది డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి నేరుగా దిగినవాళ్ళే. ఆ గేమ్‌కి ప్రధాన ప్రోగ్రామర్ నాసిర్ గెబెల్లి, ఇరాన్‌లో పుట్టి అమెరికాలో యాపిల్ 2 గేమ్‌లతో పేరు తెచ్చుకున్న మనిషి. 1988 ఫిబ్రవరి 10న వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ 3లో సారాకొట్టుకి వెళ్ళి మీ జట్టుని మీరే చేర్చుకోవచ్చు. అది మొదటి రోజే పది లక్షలకు పైగా అమ్ముడుపోయి, బడి ఎగ్గొట్టి క్యూల్లో నిలబడ్డ పిల్లల్ని పోలీసులు పట్టుకునే దాకా వెళ్ళింది. ఈ రెండు గేమ్‌ల పేర్లు చెరిపేసి చూపిస్తే, ఇప్పటి నిర్వచనాల ప్రకారం 'పాశ్చాత్య శైలి' అనేస్తాం.

కథ తర్వాత పెరిగింది. చోటు పెరిగే కొద్దీ పెరిగింది. 1991లో సూపర్ ఫామికామ్ మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 4 నాటికి పాత్రలకి పేర్లు, పాపాలు, ప్రేమలు వచ్చాయి. 1997కి ప్లేస్టేషన్ సీడీలు. ఏడో భాగం మూడు సీడీల నిండా ఉంది. చేతి నిండా కామిక్స్ కళాకారులు, సంగీతకారులు ఉన్న దేశంలో ఆ చోటుని దేనితో నింపుతారు? అమెరికాలో చాలామందికి తెలిసిన మొదటి జపనీస్ ఆర్పీజీ ఇదే. అంతకుముందు 1989లో డ్రాగన్ క్వెస్ట్‌ని అక్కడికి పంపితే సరిగ్గా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన కేసెట్లని నింటెండో తన పత్రిక చందాదారులకి ఉచితంగా పంచింది. మధ్యలో వచ్చినవి కొన్ని సముద్రం దాటనే లేదు. క్లౌడ్‌నే ముందు చూసినవాళ్ళకి జపాన్ అంటే క్లౌడే. విజార్డ్రీనే ముందు చూసిన జపాన్‌కి అమెరికా అంటే క్విజినార్ట్ అనే గొప్ప కమ్మరి ఉన్న దేశం అయినట్టు.

అటు అమెరికా, కెనడాల్లో ఈ ఆటలు పర్సనల్ కంప్యూటర్ మీదే ఉండిపోయాయి. కీబోర్డు ఉంది, హార్డ్ డిస్క్ ఉంది, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. సేవ్ చేసుకోగలిగితేనే కదా 'ఈ రాజుని పొడిచి చూద్దాం, ఏమవుతుందో' అనే ధైర్యం వచ్చేది. 1997లో ఫాలౌట్, 1998లో బల్డర్స్ గేట్ ఆ ధైర్యం మీదే నడిచాయి. బల్డర్స్ గేట్ చేసిన బయోవేర్‌ని పెట్టింది కెనడా డాక్టర్లు. మారోవిండ్ (2002) కంప్యూటర్ వెర్షన్‌తో పాటు ఆ ప్రపంచాన్ని తయారుచేసిన పనిముట్లని కూడా ఆటగాళ్ళకే ఇచ్చేశారు. ఇవన్నీ సొంత కంప్యూటర్ ఉన్న పెద్దవాళ్ళ సుఖాలు. హాల్లో టీవీ ముందు, వెనక నాన్న వార్తల కోసం కాచుకుని ఉండగా ఆడే పదేళ్ళ పిల్లాడివి కావు. అయినా అక్కడా మినహాయింపులకి కరువు లేదు. ప్లేన్‌స్కేప్: టార్మెంట్ (1999)లో వేషం ఇచ్చేస్తారు, చావులేని, జ్ఞాపకంలేని ఒక మనిషిది. పోలండ్ వాళ్ళ ది విచర్ (2007)లో నెరిసిన జుట్టు గెరాల్ట్ తప్ప మీరింకొకరు కాలేరు. నన్నడిగితే పాశ్చాత్య ఆర్పీజీల్లో గొప్ప కథలు ఇలా వేషం ఇచ్చినవాటిలోనే ఉన్నాయి.

ఇక మన సంగతి. పురాణాలు విని పెరిగినవాళ్ళం, ముగింపు తెలిసిన కథని మళ్ళీ మళ్ళీ వినే అలవాటు ఉన్నవాళ్ళం కాబట్టి మనం పుట్టుకతో జపాన్ పక్షం అని ఒక మిత్రుడి వాదన. డ్రాగన్ క్వెస్ట్‌లో ఒక ప్రసిద్ధమైన ఘట్టం ఉంది. రాకుమారి వెంట వస్తానంటుంది. 'అవును', 'కాదు' రెండూ ఉంటాయి. కాదంటే ఆమె బాధపడి మళ్ళీ అదే అడుగుతుంది. అవుననే దాకా అడుగుతూనే ఉంటుంది. ఇంకోచోట ప్రతినాయకుడు సగం ప్రపంచం ఇస్తాను, నాతో కలుస్తావా అంటాడు. అవునంటే ఆట అక్కడితో సరి. అంటే ఒక ప్రశ్నకి జవాబు చెప్పినా గుండ్రంగా తిరగాలి, ఇంకోదానికి తప్పు చెప్తే ప్రాణం పోతుంది. ఇది మనకి కొత్తా? విక్రమార్కుడి భుజం మీది శవంలోంచి బేతాళుడు అడిగేదీ ఇలాగే. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం చెడి బేతాళుడు చెట్టెక్కుతాడు. చందమామ ఈ చెట్టు చుట్టూ దశాబ్దాల పాటు తెలుగు పిల్లల్ని తిప్పింది. ఎవరూ స్వేచ్ఛ లేదని ఫిర్యాదు చెయ్యలేదు, ఎందుకంటే ఆసక్తంతా జవాబు ఏం చెప్తాడన్న దాని మీదే.

కానీ అదే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చూడండి. 1954లో తోకచుక్కతో మొదలై ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం వరకూ, చిత్రా గారి బొమ్మలతో. మా ఇంట్లో బైండు చేయించిన పాత సంచికల్లో చదివాను. ఏ పురాణంలోనూ లేని కథలు. ముగింపు ఎవరికీ తెలీదు, తర్వాతి నెల దాకా ఆగాల్సిందే. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు: ఒకరు కత్తి, ఒకరు మంత్రదండం. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు: మళ్ళీ అదే జత. అడవి, ఆటవికులు, శిథిలమైన గుడి, వింత జంతువు మీద స్వారీ, దారిలో కలిసి జట్టులో చేరే మనుషులు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కి ఇరవై ఏళ్ళ ముందే మద్రాసులో కూర్చుని ఒకాయన నెలనెలా కత్తివీరుణ్ణీ మాంత్రికుణ్ణీ జట్టుగా పంపడం మొదలుపెట్టాడు. వాళ్ళ ప్రయాణానికి కావల్సినవన్నీ అందులో ఉన్నాయి. పాచికలు తప్ప. కాబట్టి మన స్వభావం ఇదీ అని ఒక్క పక్క నుంచి తేల్చెయ్యడం కుదరదు.

మా అనకాపల్లి లాంటి ఊళ్ళకి ఈ రెండు శైలుల్లో ఏది ముందు వచ్చింది అంటే, జపాన్ యంత్రం ముందు వచ్చింది, జపాన్ ఆర్పీజీ రాలేదు. తొంభైల చివర్లో ఇళ్ళల్లో కనిపించిన 'టీవీ గేమ్' చాలావరకూ ఫామికామ్ నకలే. కొన్నిటి పెట్టె మీద సమురాయ్ అనే ఉండేది. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ అందరికీ వచ్చు. అదే యంత్రం మీద జపాన్‌ని ఊపేసిన డ్రాగన్ క్వెస్ట్ మాత్రం ఎవరూ చూడలేదు. కారణం సాంకేతికం. ఒక కేసెట్లో వంద ఆటలు ఇరికించాలంటే (పైన 99999 అని రాసినా తిప్పి తిప్పి అవే) చిన్న ఆటలే కావాలి. ఆర్పీజీ పెద్దది, సేవ్ కోసం కేసెట్లో బ్యాటరీ పెట్టాలి, అది ఖర్చు. అన్నిటికీ మించి దాని నిండా మాటలు. కాంట్రాకి భాష అక్కర్లేదు.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. గంటకు ఇరవై రూపాయలు. కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ బతికాయి. అరవై గంటల బల్డర్స్ గేట్ అక్కడ ఎవరు ఆడతారు? నిన్న మీరు సేవ్ చేసుకున్నది ఇవాళ ఆ సిస్టమ్‌లో ఉంటుందన్న నమ్మకం లేదు. పక్కన క్యూలో ఉన్న అన్నయ్య మీ కుర్చీ తంతూ ఉంటాడు. పాశ్చాత్య స్వేచ్ఛకి ముందు సొంత హార్డ్ డిస్క్ ఉండాలని నాకు అక్కడే అర్థమైంది. ఇంజనీరింగ్ హాస్టల్‌కి వచ్చాక గానీ రెండూ చేతికి రాలేదు. ఒకరి పోర్టబుల్ డిస్క్‌లో స్కైరిమ్, ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ మీద పోకెమాన్. కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసి పెరిగినవాళ్ళం కాబట్టి పోకెమాన్‌ని మేమెవరం జపనీస్ ఆర్పీజీ అనుకోలేదు. అది పోకెమాన్, అంతే.

ఆ పేరు సంగతి కూడా చెప్పుకోవాలి. 'జపనీస్ ఆర్పీజీ' అనే ముద్ర వేసింది బయటివాళ్ళు. 2023లో ఫైనల్ ఫాంటసీ 16 నిర్మాత నవోకి యోషిదా ఒక ఇంటర్వ్యూలో, ఆ మాట మొదట విన్నప్పుడు కొందరు డెవలపర్లకి వివక్షలా అనిపించిందని చెప్పాడు. మేం ఆర్పీజీలు చేస్తున్నాం అనుకున్నాం తప్ప 'జపనీస్' ఆర్పీజీలు అనుకోలేదని ఆయన బాధ. హైదరాబాద్‌లో తీసిన సినిమాని 'సౌత్ మూవీ' అన్నప్పుడు మనకి కలిగే చిరాకే ఇది. నిన్నటి దాకా చిన్నచూపుతో అన్న మాటని, సినిమా ఆడగానే ముద్దుగా అంటారు. అనేవాళ్ళకి తేడా తెలీదు, పడేవాళ్ళకి తెలుస్తుంది. ఈలోపు ఫ్రాన్స్‌లోని మోంపెలియే నుంచి శాండ్‌ఫాల్ అనే కొత్త సంస్థ 2025లో క్లేర్ అబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 తెచ్చింది. వంతులవారీ పోరాటం, ఇచ్చిన వేషాలు, తీరని దుఃఖం. చదివితే అచ్చం జపనీస్ ఆర్పీజీ లక్షణాల పట్టీ. దాన్ని ఏమని పిలవాలి?

దీనికి తిరగేసిన ఉదాహరణ హిదెటాకా మియాజాకి. ఫ్రమ్ సాఫ్ట్‌వేర్‌లో డార్క్ సోల్స్ (2011), ఎల్డెన్ రింగ్ (2022) చేసిన మనిషి. అంతకుముందు ఒరాకిల్‌లో ఉద్యోగం. (మనవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదువుతారని నాకు తెలుసు.) ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జీతం తగ్గినా సరేనని గేమ్‌లలోకి వచ్చాడు. చిన్నప్పుడు ఇంట్లో పుస్తకాలు కొనే స్థోమత లేక, లైబ్రరీ నుంచి తన చదువుకి మించిన పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణనీ, అర్థంకాని చోట్ల బొమ్మలు చూసి మిగతా కథ ఊహించుకునేవాణ్ణనీ ఇంటర్వ్యూల్లో చెప్పాడు. పాశ్చాత్య ఫాంటసీ అంటే ఆయనకి ప్రాణం. డార్క్ సోల్స్‌లో కథ అలాగే ఉంటుంది, సగం వాక్యాలు, విరిగిన విగ్రహాలు. మిగతాది మీరే పూరించుకోవాలి. క్విజినార్ట్ కత్తిని నమ్మిన జపాన్ పిల్లలకీ, హాస్టల్లో సగం ఇంగ్లీషుతో మారోవిండ్ డైరీ చదివిన మాకూ ఈ అనుభవం బాగా తెలుసు. ఒక కొత్త శైలి అక్కడి నుంచి పుట్టడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

భారతీయ ప్రయత్నాలు లేవని కాదు. భోపాల్‌కి చెందిన పైరోడాక్టైల్ 2014లో అన్‌రెస్ట్ తెచ్చింది. ప్రాచీన భారతాన్ని పోలిన ఒక నగరం, కరువు, అల్లర్లు. మీరు మహావీరుడు కాదు, ఒకసారి పల్లెటూరి అమ్మాయి, ఒకసారి రాకుమారి. కత్తి తియ్యడం కన్నా నోరు విప్పడమే ఎక్కువ. వేషాలు ఇచ్చినవి, మాటలు మీరు ఎంచుకునేవి. హైదరాబాద్‌లోని ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో అసుర చేసింది. అది పోరాటం ప్రధానం, ఆడిన ప్రతిసారీ కొత్త దారి. రెండూ ఇంగ్లీషులో ఆడినవే. ఇప్పుడు పురాణాల మీద గేమ్‌లు వరసగా ప్రకటిస్తున్నారు. వాటి గురించి మాట్లాడేటప్పుడు అందరూ అడిగేది ఇది స్కైరిమ్‌లా ఉంటుందా, ఫైనల్ ఫాంటసీలా ఉంటుందా అని. హోరీ మొదట అడిగిన ప్రశ్న అది కాదు. ఇంగ్లీషు రాని, కంప్యూటర్ లేని పిల్లాడు దీన్ని ఎలా చదువుతాడు అన్నది. ఆర్పీజీ అంటే ముప్పాతిక వంతు చదవడమే. ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌లో ఉన్న మాటలు దాదాపు ఎనిమిది లక్షలని లెక్క. కాల్చి చంపే ఆటని ఏ భాషలో పెట్టినా ఒకటే, దీన్ని అలా పెట్టలేం.

తెలుగులో చదివించడం అనగానే ప్రోగ్రామర్‌గా నాకు మొదట గుర్తొచ్చేది వత్తులు. ఫామికామ్ తెర ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గడులుగా ఉండేది, గడికో అక్షరం. జపనీస్‌లో 'క'ని 'గ' చేసే రెండు చిన్న గీతలకి ఆ గడిలో చోటు లేక, ఆ కాలపు చాలా గేమ్‌లలో పై వరుసలో ఇంకో గడి వాడారు. అదే లెక్కన మనకి గుడుల కోసం పైనొక వరుస, వత్తుల కోసం కిందొక వరుస కావాలి. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికే మూడు అంతస్తులు. అది 1986 కష్టం అనుకుంటాం గానీ, చాలామంది వాడే యూనిటీ ఇంజిన్‌లోని టెక్స్ట్‌మెష్ ప్రోలో మామూలుగా తెలుగు పెడితే వత్తులు విడిపోయి, పొల్లు బయటపడి, అక్షరాలు గొడవపడి విడివిడిగా నిలబడ్డట్టు కనిపిస్తాయి. 2023లో వచ్చిన గోడో 4లో మాత్రం అక్షరాలని కూర్చే పని హార్ఫ్‌బజ్‌కి అప్పగించారు. మన బ్రౌజర్లలో తెలుగు సరిగ్గా కనిపించడం వెనక ఉన్న లైబ్రరీయే అది. గోడో ఉచితం. దాంట్లో ఒక ఖాళీ పెట్టె పెట్టి శిఖిముఖి, విక్రమకేసరి, సిద్ధసాధకుడు అని టైప్ చేశాను. ఏ వత్తూ విడిపోలేదు.